‘నీ మీద వివక్ష ఎక్కడుంది?’: నాలుగు ఆటల పాల్ రాబ్సన్ కథ

1956 జూన్ 12. వాషింగ్టన్‌లో అమెరికా వ్యతిరేక కార్యకలాపాల విచారణ కమిటీ ముందు 58 ఏళ్ల నల్లజాతి గాయకుడు పాల్ రాబ్సన్ కూర్చున్నాడు. ఆరేళ్లుగా ఆయనకు పాస్‌పోర్టు లేదు. పెద్ద హాళ్లలో కచేరీలు లేవు. రష్యా వెళ్లినప్పుడే తనకు మొదటిసారి పూర్తి మనిషినన్న భావన కలిగిందనీ, మిసిసిపీలో ఉండే వర్ణవివక్ష అక్కడ కనిపించలేదనీ ఆయన చెబుతున్నాడు. కమిటీ అధ్యక్షుడు ఫ్రాన్సిస్ వాల్టర్ మధ్యలో అందుకున్నాడు. నీ మీద ఎవరూ వివక్ష చూపలేదు కదా, మరి నీ కొడుకుని రట్గర్స్‌కి ఎందుకు పంపలేదని అడిగాడు.

ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. సీటొచ్చింది, ఫెలోషిప్పొచ్చింది, మెడలొచ్చింది, ఇంకా కులం కులం అంటావేంటి అని మన క్యాంపస్‌లలో ఎన్నిసార్లు వినలేదు? అయితే వాల్టర్ ఆ కాలేజీ పేరే ఎందుకెత్తాడో తెలియాలంటే రట్గర్స్‌లో అసలు ఏం జరిగిందో చూడాలి. పాల్ రాబ్సన్ అంటే మనలో చాలామందికి ఆ గొంతే గుర్తొస్తుంది. ఆ గొంతు లోకానికి తెలియక ముందు ఆయన అమెరికా కాలేజీ ఆటల్లో అందరి నోళ్లలో నానిన పేరు. ఈ వ్యాసంలో మేము ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఆ నాలుగేళ్ల గురించి.

పాల్ 1898 ఏప్రిల్ 9న న్యూజెర్సీ రాష్ట్రం ప్రిన్స్‌టన్‌లో పుట్టాడు. తండ్రి విలియం డ్రూ రాబ్సన్ నార్త్ కరోలినా తోటల్లో బానిసగా పుట్టి, 15 ఏళ్ల వయసులో పారిపోయి ఉత్తరాదికి చేరిన మనిషి. తర్వాత లింకన్ యూనివర్సిటీలో చదివి పాస్టర్ అయ్యాడు. తల్లి మరియా లూయిసా టీచరు. పాల్‌కి ఆరేళ్లు నిండక ముందే ఆమె ఇంట్లో బట్టలకు నిప్పంటుకుని చనిపోయింది. అప్పటికే తండ్రి చేతిలోంచి చర్చి పోయింది. పాస్టర్‌గా బతికిన మనిషి గుర్రపు బండి మీద ఊరి బూడిద ఎత్తిపోసి పిల్లల్ని సాకాడు. ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ ఆ ఊళ్లోనే ఉంది. నల్లవాళ్లు అందులో వంట చేయొచ్చు, గదులు ఊడవొచ్చు, చదువుకోకూడదు. ఊరికి, వాడకి మధ్య గీత ఎలా ఉంటుందో మనకెవరూ చెప్పక్కర్లేదు.

సోమర్‌విల్ హైస్కూల్లో పాల్ అన్ని ఆటలూ ఆడాడు, డిబేట్లలో మాట్లాడాడు, పాడాడు. రట్గర్స్ కాలేజీ స్కాలర్‌షిప్‌కి రాష్ట్రస్థాయి పోటీ పరీక్ష ఒకటుండేది. మొదటి మూడేళ్ల సిలబస్ మీద ముందుగా ఒక పరీక్ష, చివరి ఏడాది సిలబస్ మీద మరో పరీక్ష. మొదటిదాని సంగతి పాల్‌కి తెలిసేసరికే అది అయిపోయింది. మిగతా పిల్లలు ఒక ఏడాది పాఠాలు రాసిన సమయంలోనే ఆయన నాలుగేళ్లవీ కలిపి రాయాల్సి వచ్చింది. రాసి స్కాలర్‌షిప్ గెలిచాడు. సమాచారం ఎవరికి ముందు చేరుతుంది, ఎవరికి చివర చేరుతుంది అన్నది మెరిట్ లెక్కల్లో ఎక్కడా కనిపించదు. అడ్మిషన్ నోటిఫికేషన్ గడువు దాటాక చూసుకున్న మన పిల్లలకు ఇది బాగా తెలుసు.

1915లో ఆయన రట్గర్స్‌లో చేరాడు. 1766లో మొదలైన ఆ కాలేజీలో అంతకుముందు చదివిన నల్ల విద్యార్థులు ఇద్దరే. ఆ ఏడాది క్యాంపస్ మొత్తమ్మీద ఒక్కడే నల్లవాడు. వయసు 17, మనిషి ఆరడుగులు దాటాడు. ఫుట్‌బాల్ జట్టు సెలక్షన్‌కి వెళ్లాడు. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనమాడేది కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తడం, ఎదుటివాణ్ణి ఒంటితో గుద్ది పడగొట్టడం ఉండే అమెరికన్ ఆట. దెబ్బ కొట్టడం అందులో నియమం ప్రకారమే జరుగుతుంది కాబట్టి, కసితో కొట్టింది ఏదో ఆటలో భాగంగా కొట్టింది ఏదో బయటివాళ్లకు తెలియదు.

మొదటి రోజే సొంత జట్టువాళ్లు ఆయన మీద పడ్డారు. ముక్కు విరిగింది, భుజం బెణికింది. పది రోజులు మంచం మీదే ఉన్నాడు. 1944లో ఒక పత్రికా ఇంటర్వ్యూలో ఆయనే ఈ సంగతి చెప్పాడు. మానేద్దామనే అనుకున్నాడు. కానీ తండ్రి మొదటినుంచీ ఒక మాట చెప్పి పెట్టాడు: మైదానంలోనైనా తరగతిలోనైనా నువ్వొక్కడివే కాదు, ఆడాలని, చదవాలని కోరిక ఉన్న నల్ల పిల్లలందరి తరఫునా అక్కడున్నావు, దెబ్బ తగిలినా ఓర్చుకోవాలి. పాల్ మళ్లీ మైదానానికి వెళ్లాడు. ఈసారి ఒకడు మేకుల బూటుతో చేతి మీద తొక్కి గోళ్లు ఊడదీశాడు. ఆ తర్వాతి ఆటలోనే పాల్ బంతి పట్టుకుని వస్తున్నవాణ్ణి అమాంతం తల మీదకు ఎత్తేశాడు. నేలకేసి కొట్టబోతుండగా కోచ్ ఫోస్టర్ శాన్‌ఫర్డ్ గట్టిగా అరిచాడు, నువ్వు జట్టులో ఉన్నావని.

ఈ కథని చాలాచోట్ల ధైర్యానికి దక్కిన బహుమతిగా చెబుతారు. మాకు అలా అనిపించదు. తెల్ల కుర్రాడు బాగా ఆడితే జట్టులోకి వచ్చేవాడు. నల్ల కుర్రాడు ముందు చావుదెబ్బలు తిని, ఆపైన మనిషిని ఎత్తి పడేయగలనని చూపించుకోవాల్సి వచ్చింది. అర్హత పరీక్ష ఇద్దరికీ ఒకటి కాదు. ఇంకో విషయం, ఆ తండ్రి మాట. అందరి తరఫునా నిలబడమన్న ఆ మాటలో ఎంత బలముందో అంత బరువూ ఉంది. మొదటి తరం నుంచి యూనివర్సిటీకి వచ్చిన ఏ పిల్లనైనా అడగండి. ఒక పేపరు తప్పితే తానొక్కతే కాదు, వాడంతా తప్పినట్టు లెక్క కడతారేమోనన్న భయం ఆమెకు ఉంటుంది. పాల్ 17 ఏళ్లకే ఆ భయాన్ని మోశాడు.

నాలుగేళ్లలో ఆయన ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, బేస్‌బాల్, ట్రాక్ విభాగాల్లో కాలేజీకి ఆడాడు. బేస్‌బాల్‌లో క్యాచర్, ట్రాక్‌లో డిస్కస్, జావెలిన్, షాట్‌పుట్. అమెరికా కాలేజీల్లో ఒక సీజన్ మొత్తం మొదటి జట్టుకు ఆడినవాళ్లకు స్వెటర్ మీద కుట్టుకోవడానికి కాలేజీ అక్షరం ఇస్తారు. దాన్నే ‘లెటర్’ అంటారు. ఒకటి రెండు వస్తేనే గొప్ప. రాబ్సన్‌కి నాలుగు ఆటల్లో కలిపి 15 వచ్చాయని రట్గర్స్ లెక్క.

చదువులో కూడా అంతే. మూడో ఏడాదిలోనే ఫై బీటా కప్పాకి ఎన్నికయ్యాడు. అది అమెరికాలో చదువులో మేటి విద్యార్థులకు దక్కే పాత గౌరవ సంఘం. వక్తృత్వ పోటీల్లో ఏటా బహుమతి ఆయనదే. 1918 మేలో తండ్రి చనిపోయాడు. పోటీకి వెళ్తానని తండ్రికి మాటిచ్చి ఉండడంతో, ఆ దుఃఖంలోనే కొద్ది రోజులకు వేదికెక్కి మాట్లాడి గెలిచాడు.

ఇంత ఉన్నా, కాలేజీ గాయక బృందంలో ఆయనకు పూర్తి సభ్యత్వం లేదు. రాబోయే రోజుల్లో ప్రపంచమంతా వినబోయే గొంతది! కాలేజీలో కచేరీ అయితే పాడనిచ్చేవాళ్లు. కానీ కచేరీల తర్వాత తెల్ల అమ్మాయిలు, అబ్బాయిలు కలిసే విందులు, నాట్యాలు ఉండేవి. నల్లవాడికి అక్కడ చోటు లేదు. మైదానంలో భుజం భుజం రాసుకోవచ్చు, విందులో పక్కన నిలబడకూడదు. మన ఊళ్లలో కలిసి నాట్లేసి, కలిసి కోతకోసి, టీ కొట్టు దగ్గర గ్లాసు వేరుచేసే పద్ధతికీ దీనికీ తేడా వెతకడం కష్టం.

1916 అక్టోబర్ 14న జరిగింది ఇంకా పెద్దది. రట్గర్స్ తన 150 ఏళ్ల పండుగ చేసుకుంటోంది. ఆ సందర్భంగా వర్జీనియా నుంచి వాషింగ్టన్ అండ్ లీ జట్టు ఫుట్‌బాల్ ఆడటానికి వచ్చింది. ఎదుటి జట్టులో నల్లవాడుంటే మైదానంలో దిగబోమని చెప్పింది. రట్గర్స్ తల వంచింది. రాబ్సన్‌ని పక్కన కూర్చోబెట్టారు. మ్యాచ్ 13–13తో సమానంగా ముగిసింది. మరుసటి ఏడాది వెస్ట్ వర్జీనియా జట్టు అదే అడిగితే కోచ్ శాన్‌ఫర్డ్ ఒప్పుకోలేదు. రాబ్సన్ ఆడాడు, ఆ మ్యాచ్ 7–7. అంటే కుదరదని చెప్పడం మొదటిసారీ సాధ్యమేనన్నమాట. చెప్పకూడదనుకున్నారు, అంతే.

ఈ అవమానం గురించి అప్పుడు క్యాంపస్‌లో గొడవేమీ అవలేదు. దాన్ని కాగితం మీద పెట్టినవాడు వేరే ఉన్నాడు. జేమ్స్ కార్ రట్గర్స్ నుంచి 1892లో పట్టా పొందిన మొట్టమొదటి నల్ల విద్యార్థి. న్యూయార్క్‌లో న్యాయవాదిగా స్థిరపడ్డాడు. 1919 జూన్‌లో ఆయన కాలేజీ అధ్యక్షుడు విలియం డిమారెస్ట్‌కి ఉత్తరం రాశాడు. సంప్రదాయాల గురించి, గౌరవం గురించి గొప్పలు చెప్పుకునే కాలేజీ, సవాలు ఎదురైన రోజున తన నమ్మకాలన్నీ రాజీకి బలిచ్చిందని నిలదీశాడు. రెండు తరాల మధ్య ఇలాంటి దారమొకటి ఉండటం మమ్మల్ని బాగా కదిలించింది. 27 ఏళ్ల క్రితం ఆ గేటు దాటి వెళ్లినవాడు, తన తర్వాత వచ్చినవాడి కోసం వెనక్కి తిరిగి అడిగాడు.

ఆటలో రాబ్సన్ స్థాయి తెలియాలంటే 1917 నవంబర్ 24న బ్రూక్లిన్‌లోని ఎబెట్స్ ఫీల్డ్‌లో జరిగిన మ్యాచ్ చూడాలి. యుద్ధకాలం కావడంతో న్యూపోర్ట్ నావికాదళ శిబిరం జట్టు నిండా పేరుమోసిన మాజీ కాలేజీ ఆటగాళ్లే ఉన్నారు. వాళ్లను రట్గర్స్ 14–0తో ఓడించింది. రాబ్సన్ ఆడేది ‘ఎండ్’ స్థానంలో. దాడి చేసేటప్పుడు వరస చివరినుంచి దూసుకెళ్లి బంతి అందుకోవాలి, కాపాడుకునేటప్పుడు ఎదుటివాళ్లను కూల్చాలి. అమెరికన్ ఫుట్‌బాల్‌కి రూపమిచ్చిన వాల్టర్ క్యాంప్ 1918లో తన ఆల్ అమెరికా మొదటి జట్టులోకి ఆయన్ని ఎంచుకున్నాడు. దేశం మొత్తమ్మీద ఆ ఏటి మేటి పదకొండుమంది జట్టు అది.

1919లో పట్టభద్రుల తరఫున ప్రసంగించడానికి కాలేజీ రాబ్సన్‌నే ఎంచుకుంది. ఆ ఏడాది ఆయన సమర్పించిన పరిశోధనా వ్యాసం అమెరికా రాజ్యాంగ 14వ సవరణ మీద. రాజ్యాంగంలో నిద్రపోతున్న మహాకాయుడని దానికి పేరు పెట్టాడు. బానిసత్వం రద్దయ్యాక 1868లో వచ్చిన ఆ సవరణ చట్టాల సమాన రక్షణకు హామీ ఇస్తుంది. మన రాజ్యాంగం 14వ అధికరణలో ఉన్న సమాన రక్షణ అనే మాట అక్కడినుంచి వచ్చిందే. 21 ఏళ్ల ఫుట్‌బాల్ ఆటగాడు నిద్రపోతోందన్న ఆ సవరణ ఆధారంగానే 1954లో అమెరికా సుప్రీంకోర్టు బడుల్లో జాతి విభజన చెల్లదని తీర్పిచ్చింది. మధ్యలో 35 ఏళ్లు.

ఆ ఏటి తోటి విద్యార్థులు సరదాగా జోస్యం కూడా రాశారు: 1940 కల్లా రాబ్సన్ న్యూజెర్సీ గవర్నర్ అవుతాడని. నిజంగా 1940లో ఏం జరిగిందో చెప్పాలి. అప్పటికి ఆయన రంగస్థలం, సినిమా, సంగీతాల్లో ప్రపంచ ప్రసిద్ధుడు. లాస్ ఏంజెలెస్‌లో పాడటానికి వెళ్తే ఆయన్ని ఉండనివ్వడానికి ఒప్పుకున్న పెద్ద హోటల్ ఒక్కటే. అది కూడా విపరీతమైన అద్దెకు, మారుపేరుతో. ఆయన రోజూ మధ్యాహ్నం రెండు గంటలు హోటల్ లాబీలో అందరికీ కనిపించేలా కూర్చునేవాడు. ఈసారి నల్లవాళ్లు వచ్చినప్పుడు వాళ్లకో చోటుండాలని అలా చేశానని చెప్పాడు.

గవర్నర్ జోస్యానికీ హోటల్ లాబీకీ మధ్య న్యాయశాస్త్రం ఉంది. 1920లో కొలంబియా లా స్కూల్లో చేరాడు. అదే యూనివర్సిటీలో చదివిన అంబేడ్కర్ 1916లోనే వెళ్లిపోవడంతో ఇద్దరూ అక్కడ కలవలేదు. రాబ్సన్ శని, ఆదివారాల్లో ఆక్రన్, మిల్వాకీ జట్లకు డబ్బుకి ఫుట్‌బాల్ ఆడుతూ 1923లో పట్టా తీసుకున్నాడు. ఒక న్యాయవాద సంస్థలో చేరితే, నల్లవాడు చెప్పింది రాసుకోనని తెల్ల స్టెనో మొండికేసింది. ఆయన ఆ వృత్తినే వదిలేసి నాటకాల వైపు వెళ్లాడు. ఆయన ఆడిన ఆ వృత్తి ఫుట్‌బాల్ లీగే 1934 నుంచి 1945 దాకా ఒక్క నల్ల ఆటగాణ్ణీ తీసుకోలేదు. ఒకసారి తెరుచుకున్న తలుపు ఇక మూసుకోదని ఎవరైనా అంటే ఈ లెక్క చూపించండి.

ఆటతో ఆయన బంధం తెగిపోలేదు. 1943 డిసెంబర్‌లో, బ్రాడ్వేలో ఒథెల్లోగా నటిస్తున్న రోజుల్లోనే, నల్ల పత్రికల యజమానులతో కలిసి బేస్‌బాల్ కమిషనర్‌ని, జట్ల యజమానులని కలిశాడు. నల్ల ఆటగాళ్లను తీసుకోవాలని వాదించాడు. 1947లో జాకీ రాబిన్సన్ ఆ గోడ దాటాడు. దాటిన చోటు ఎబెట్స్ ఫీల్డే, 30 ఏళ్ల క్రితం రాబ్సన్ నావికా జట్టుని ఓడించిన మైదానం. రాబిన్సన్ కూడా కాలిఫోర్నియా యూనివర్సిటీ లాస్ ఏంజెలెస్ క్యాంపస్‌లో నాలుగు ఆటల్లో లెటర్లు సాధించిన మొదటి విద్యార్థి.

రెండేళ్లకే ఈ ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టారు. 1949లో పారిస్ శాంతి సభలో రాబ్సన్ చెప్పిన మాటల్ని వక్రీకరించి పత్రికలు ఆయన్ని దేశద్రోహిగా చిత్రించాయి. అదే విచారణ కమిటీ ఆ జూలైలో జాకీ రాబిన్సన్‌ని పిలిపించి రాబ్సన్‌కి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పించింది. రాబిన్సన్ ఆ రోజు దేశంలోని జాతివివక్షని కూడా తప్పుపట్టాడు. పత్రికలు మాత్రం రాబ్సన్‌ని విమర్శించిన భాగాన్నే పెద్దది చేశాయి. 1972లో చనిపోయే ముందు వచ్చిన ఆత్మకథలో రాబిన్సన్, అలాంటి పిలుపు ఇప్పుడొస్తే తిరస్కరిస్తానని, రాబ్సన్ మీద గౌరవం పెరిగిందని రాసుకున్నాడు.

ఇక్కడ మనకు పల్వంకర్ బాలూ గుర్తురావాలి. చమార్ కుటుంబంలో పుట్టి, పూనా క్లబ్బుల్లో నెలకు మూడు నాలుగు రూపాయలకు మైదానం చూసుకుంటూ బౌలింగ్ నేర్చిన మనిషి. 1911 ఇంగ్లండ్ పర్యటనలో 114 వికెట్లు తీశాడు. మైదానంలో అగ్రకులాల వాళ్లు ఆయన ముట్టుకున్న బంతినే ముట్టుకునేవాళ్లు, విరామంలో మాత్రం ఆయనకు టీ పెవిలియన్ బయట మట్టి పాత్రలో. ఇంగ్లండ్ నుంచి తిరిగొచ్చినప్పుడు బొంబాయిలో జరిగిన సన్మానంలో యువ అంబేడ్కర్ కూడా ఉన్నాడు. హిందూ జట్టు బాలూని ఎన్నడూ కెప్టెన్ చేయలేదు. ఆ గౌరవం పోరాడాక 1923లో తమ్ముడు విఠల్‌కి దక్కింది. 1937 ఎన్నికల్లో కాంగ్రెస్ ఎవరి మీద బాలూని నిలబెట్టిందో తెలుసా? అంబేడ్కర్ మీద. బాలూ సుమారు రెండు వేల ఓట్ల తేడాతో ఓడిపోయాడు. బాలూనో రాబిన్సన్‌నో మేము దోషులుగా నిలబెట్టడం లేదు. కెప్టెన్సీకి పనికిరాడన్నవాళ్లకే, తమ మీద ప్రశ్న వేసినవాణ్ణి ఓడించడానికి ఆ పేరు పనికొచ్చింది. మన ఆటగాళ్ల చరిత్ర రాసేటప్పుడు ఈ వాడకాన్ని కూడా రాయాలి.

రాబ్సన్‌ని ఆపడంతోనే వాళ్లు తృప్తి పడలేదు, గతాన్నీ దిద్దారు. 1950లో వచ్చిన ఒక కాలేజీ ఫుట్‌బాల్ రికార్డుల పుస్తకం 1918 ఆల్ అమెరికా జట్టులో పదిమందినే చూపించింది. ఆటకు పదకొండుమంది కావాలి. పేరు కొట్టేసి ఆ ఖాళీని అలాగే వదిలేశారు. అదే ఏడాది ప్రభుత్వం పాస్‌పోర్టు లాక్కుంది. అది 1958లో గానీ తిరిగి రాలేదు.

ఇప్పుడు ఆ విచారణ గదిలోకి మళ్లీ వెళ్దాం. నీ మీద వివక్ష లేదు కదా అన్న వాల్టర్ ప్రశ్నకు రాబ్సన్ రట్గర్స్‌లో విరిగిన ముక్కు గురించి చెప్పలేదు. వాషింగ్టన్ అండ్ లీ మ్యాచ్ గురించీ చెప్పలేదు. చెప్పి ఉంటే విచారణ ఆయన సొంత కష్టాల లెక్కగా మారేది. ఆ ప్రశ్న పునాదినే ఆయన ఒప్పుకోలేదు. తనతో సహా, జాకీ రాబిన్సన్‌తో సహా, కొద్దిమంది నల్లవాళ్లు గెలిచినంత మాత్రాన దక్షిణాదిలో ఏడాదికి 700 డాలర్లతో బతికే వేల కుటుంబాల బతుకు బాగుపడినట్టు కాదన్నాడు. మా నాన్న బానిస, నా చుట్టాలు కౌలు చేసుకునేవాళ్లు, నా విజయాన్ని నా ఒక్కడిదిగా చూసుకోను అన్నాడు. తనను దించడానికి కమిటీ వాడుకున్న ఆటగాడి పేరును కూడా ఆయన తన పక్కనే పెట్టుకుని మాట్లాడాడు.

ఆ విచారణ పూర్తి పాఠం ఇంగ్లీషులో అందరికీ అందుబాటులో ఉంది. స్టడీ సర్కిల్‌లో ఒక సాయంత్రం కూర్చుంటే చదివేయొచ్చు. ఒకరు వాల్టర్‌గా, ఒకరు రాబ్సన్‌గా చదివితే ఇంకా మంచిది. రాబ్సన్ 1976 జనవరి 23న ఫిలడెల్ఫియాలో చనిపోయాడు. కాలేజీ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆయన పేరుని 1995లో చేర్చుకుంది.